గ్రాఫ్ సిద్ధాంతం – రెండవ పాఠం: బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్, క్యూలోని క్రమం

గత పాఠంలో నోడ్ (గ్రాఫ్‌లోని బిందువు), ఎడ్జ్ (రెండు నోడ్‌లను కలిపే గీత), డిగ్రీ (ఒక నోడ్ వద్ద కలిసే ఎడ్జ్‌ల సంఖ్య) అనే భావనలను నిర్వచించుకొని, కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనల సమస్యను లియొనార్డ్ ఆయిలర్ 1736లో ఎలా తేల్చాడో చూశాము. నాలుగు భూభాగాల డిగ్రీలు 5, 3, 3, 3 కావడం వల్ల, అంటే బేసి డిగ్రీ గల నోడ్‌లు రెండుకు మించి ఉండడం వల్ల, ప్రతి వంతెననూ సరిగ్గా ఒక్కసారే దాటే నడక అసాధ్యమని తేలింది. ఈ పాఠంలో మనం అడిగే ప్రశ్న వేరు. ఒక నోడ్ నుంచి మరొక నోడ్‌కు అతి తక్కువ ఎడ్జ్‌ల మీదుగా ఎలా చేరుకోవాలి? దీనికి సమాధానం చెప్పే పద్ధతి బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్. క్లుప్తంగా బీఎఫ్ఎస్ అంటారు. ఎడ్వర్డ్ మూర్ 1959లో చిక్కుదారుల నుంచి బయటపడే అతి దగ్గరి మార్గాన్ని కనుగొనడానికి దీన్ని ప్రచురించగా, 1961లో సి. వై. లీ ఎలక్ట్రానిక్ సర్క్యూట్లలో తీగల దారులను నిర్ణయించడానికి ఇదే ఆలోచనను ఉపయోగించాడు.

పాఠమంతటికీ ఒకే గ్రాఫ్‌ను ఉదాహరణగా తీసుకుందాము. దయచేసి దీన్ని కాగితం మీద గీసుకొని చదవండి. గీయకుండా చదివితే తర్వాతి వివరణ పట్టుబడడం కష్టం. నోడ్‌లు ఏడు: క, ఖ, గ, ఘ, చ, ఛ, జ. ఎడ్జ్‌లు ఎనిమిది: క–ఖ, క–గ, ఖ–ఘ, గ–ఘ, గ–చ, ఘ–ఛ, చ–ఛ, ఛ–జ. ప్రతి నోడ్‌కు ఎదురుగా దాని పొరుగు నోడ్‌లను వరుసగా రాసుకుంటే అదే అడ్జసెన్సీ లిస్ట్. ఈ జాబితాలన్నింటిలో కలిపి 16 పేర్లు వస్తాయి, ఎందుకంటే ప్రతి ఎడ్జ్ తన రెండు కొసల వద్దా ఒక్కోసారి నమోదవుతుంది.

పద్ధతి ఇది. మొదలుపెట్టే నోడ్‌కు దూరం 0 అని రాసి, దాన్ని చూసినట్లు గుర్తుపెట్టి, క్యూలో, అంటే ముందు చేరినది ముందే బయటికి వచ్చే వరుసలో, చేర్చాలి. ఆ తర్వాత క్యూ ఖాళీ అయ్యేవరకు ముందున్న నోడ్‌ను బయటికి తీసి, దాని పొరుగు నోడ్‌లలో ఇంకా గుర్తు లేని ప్రతి నోడ్‌కూ తీసిన నోడ్ దూరానికి ఒకటి కలిపి రాసి, గుర్తుపెట్టి, ఏ నోడ్ ద్వారా దొరికిందో కూడా నమోదుచేసి, క్యూ చివర చేర్చాలి.

క నుంచి మొదలుపెడదాము. క బయటికి రాగానే ఖ, గ రెండూ దూరం 1తో క్యూలో చేరతాయి. ఖ బయటికి వచ్చినప్పుడు ఘ దూరం 2తో చేరుతుంది. తర్వాత వచ్చే గకు ఘ పొరుగు నోడే అయినా అది అప్పటికే గుర్తుతో ఉంది కాబట్టి దాన్ని వదిలివేసి, చను మాత్రం దూరం 2తో చేరుస్తాము. ఘ బయటికి రాగా ఛ దూరం 3తో చేరుతుంది. చ వంతు వచ్చినప్పుడు కొత్తగా చేర్చవలసింది ఏమీ ఉండదు. చివరికి ఛ ద్వారా జ దూరం 4తో దొరుకుతుంది. జ నుంచి వెనక్కి, ఏది ఏ నోడ్ ద్వారా దొరికిందో చూసుకుంటూ వెళితే ఛ, ఘ, ఖ, క వస్తాయి. దాన్ని తిరగవేస్తే మనకు కావలసిన మార్గం క–ఖ–ఘ–ఛ–జ.

ఈ పద్ధతి నిజంగా అతి తక్కువ దూరాన్నే ఇస్తుందని ఎందుకు నమ్మాలి? ఈ పాఠానికి ఇదే ప్రాణం కాబట్టి ఇక్కడ తొందరపడవద్దు. ఏ క్షణంలోనైనా క్యూలో ఉన్న నోడ్‌ల దూరాలు ఒకే సంఖ్య కావచ్చు, లేదా ద, ద+1 అనే రెండు వరుస సంఖ్యలు కావచ్చు. ద దూరం గలవన్నీ ముందు, ద+1 దూరం గలవన్నీ వెనుక ఉంటాయి. ముందు నుంచి ద దూరం గల నోడ్‌ను తీసినప్పుడు చివర చేరేవి ద+1 దూరం గలవే కావడం వల్ల ఈ క్రమం ఎన్నడూ చెదరదు. అందువల్ల నోడ్‌లు దూరం తగ్గని క్రమంలోనే బయటికి వస్తాయి. ఇప్పుడు ఒక నోడ్ అసలు దూరం న అనుకుందాము. దానికి వెళ్లే అతి దగ్గరి మార్గంలో దానికి ముందున్న నోడ్ దూరం న–1. ఆ నోడ్‌కు సరైన దూరమే రాశామని గణితానుగమనం ప్రకారం, అంటే చిన్న దూరాలకు నిజమని తీసుకొని తర్వాతి దూరానికీ నిజమని చూపే పద్ధతి ప్రకారం, తీసుకోవచ్చు. ఆ ముందరి నోడ్ బయటికి వచ్చే సమయానికి మన నోడ్ దొరికి ఉండకపోతే, అప్పుడే నతో దొరుకుతుంది. ముందే దొరికి ఉంటే, దాన్ని చేర్చిన నోడ్ దూరం న–1కి మించదు కాబట్టి రాసిన సంఖ్య నకు మించదు. నకు తక్కువ రావడం కూడా కుదరదు, ఎందుకంటే రాసిన ప్రతి సంఖ్య వెనుకా అంత పొడవు గల నిజమైన మార్గం ఒకటి ఉంటుంది.

గుర్తు ఎప్పుడు పెట్టాలన్న విషయాన్ని చాలామంది అభ్యాసకులు చిన్నదిగా భావిస్తారు. నా దృష్టిలో అది చిన్నది కాదు. క్యూలో చేర్చినప్పుడు కాక, బయటికి తీసినప్పుడు గుర్తుపెడితే ఏమవుతుందో చూడండి. మన గ్రాఫ్‌కు ఖ–గ అనే ఎడ్జ్‌ను అదనంగా కలపండి. క నుంచి ఖ, గ రెండూ దూరం 1తో క్యూలో చేరాయి కానీ ఇంకా గుర్తు లేదు. ఖ బయటికి రాగానే దాని పొరుగున ఉన్న గ గుర్తు లేకుండా కనిపిస్తుంది కాబట్టి గ దూరాన్ని 2గా తిరిగి రాసేస్తాము. ఆ తప్పు అక్కడితో ఆగదు: గ వంతు వచ్చినప్పుడు ఘ, చల దూరాలు 2కు బదులు 3గా మారతాయి. గుర్తును చేర్చే క్షణంలోనే పెడితే ఈ ప్రమాదం ఉండదు. ప్రతి నోడ్ క్యూలో ఒక్కసారే అడుగుపెడుతుంది.

ఖర్చు లెక్క సులభం. ప్రతి నోడ్ ఒకసారి బయటికి వస్తుంది, ప్రతి ఎడ్జ్‌ను రెండు కొసల నుంచి చూస్తాము. కాబట్టి పని నోడ్‌ల సంఖ్య, ఎడ్జ్‌ల సంఖ్యల మొత్తానికి అనులోమంగా పెరుగుతుంది. అడ్జసెన్సీ మాట్రిక్స్, అంటే ప్రతి నోడ్‌ల జతకూ ఎడ్జ్ ఉందో లేదో ఒక గడిలో రాసే పట్టిక, వాడితే ఈ లాభం పోతుంది: 1,00,000 నోడ్‌లు, 3,00,000 ఎడ్జ్‌లు గల గ్రాఫ్‌కు జాబితాల్లో 6,00,000 పేర్లు సరిపోతుండగా, మాట్రిక్స్‌కు వెయ్యి కోట్ల గడులు కావాలి. పైథాన్‌లో రాసేవారు క్యూ కోసం మామూలు లిస్ట్‌ను కాక, రెండు కొసల నుంచీ వేగంగా చేర్చి తీయగల డెక్‌ను (deque) వాడాలి. లిస్ట్ ముందు నుంచి ఒక అంశాన్ని తీసిన ప్రతిసారీ మిగిలినవన్నీ ఒక్కో స్థానం జరగవలసి వస్తుంది.

ఎడ్జ్‌లకు వేర్వేరు పొడవులు ఉన్నప్పుడు పై నిరూపణ నిలవదు, ఎందుకంటే చివర చేరేవి ద+1 దూరంలోనే ఉంటాయన్న హామీ పోతుంది. అలాంటి గ్రాఫ్‌ల కోసం కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతిని నాలుగవ పాఠంలో నేర్చుకుంటాము.

వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం చేయండి. ఖ–గ లేని మొదటి గ్రాఫ్‌లో ప్రతి ఎడ్జ్ రెండు కొసల దూరాలనూ పోల్చి, సమాన దూరం గల రెండు నోడ్‌లను కలిపే ఎడ్జ్ ఏదైనా ఉందేమో పరిశీలించండి. తర్వాత ఖ–గను కలిపి, ఆ ఎడ్జ్ వల్ల క, ఖ, గల మధ్య ఏర్పడిన చక్రంలో (మొదలైన నోడ్‌కే తిరిగి చేరే దారిలో) ఎన్ని ఎడ్జ్‌లు ఉన్నాయో లెక్కించండి. ఒకే ఎడ్జ్‌తో కలిసిన రెండు నోడ్‌లకు ఒకే రంగు రాకుండా గ్రాఫ్ మొత్తానికి రెండు రంగులే వేయడం ఎప్పుడు సాధ్యమో మూడవ పాఠంలో ఈ లెక్క నుంచే రాబట్టుకుంటాము.