ఫ్లోరిడా వర్మ్ లిజార్డ్‌ను వానపాము కాదని గుర్తుపట్టడం ఎలా?

అమెరికాలోని ఉత్తర, మధ్య ఫ్లోరిడా ఇసుక నేలల్లో మట్టి తవ్వుతున్నప్పుడో, జోరువాన కురిశాకో గులాబి రంగు జీవి ఒకటి బయటపడవచ్చు. జానెడు, ఒక్కోసారి అంతకు మించిన పొడవు. లావుపాటి వానపామే అనిపిస్తుంది కానీ, అది ఫ్లోరిడా వర్మ్ లిజార్డ్ అనే కాళ్లు లేని సరీసృపం కావచ్చు. రైన్యూరిడే అనే సరీసృపాల కుటుంబంలో నేటికీ బతికున్న జాతి ఇదొక్కటే, మిగిలినవన్నీ శిలాజాలుగానే దొరుకుతాయి. ఎర పురుగనుకుని చంపేస్తే ఎంత అన్యాయం!

1. ముందు పార పక్కన పెట్టండి. ఇది వెన్నెముక ఉన్న ప్రాణి, దెబ్బ తగిలితే బతకడం కష్టం.

2. చర్మం చూడండి. ఒంటిమీద వలయాలు రెండింటికీ ఉంటాయి కాబట్టి వాటిని చూసి తేల్చేయకండి. వానపాము తడిగా, జిగటగా ఉంటుంది. దీని ఒళ్లు పొడిగా ఉంటుంది. భూతద్దంతో చూస్తే ఒక్కో వలయంలో చిన్న చిన్న చదరపు పొలుసులు వరుసగా కనిపిస్తాయి.

3. తల చూడండి. నా దృష్టిలో అసలైన ఆనవాలు ఇదే. మూతి పార అంచులా పలచగా, ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. తలతోనే ఇసుకను తోసుకుంటూ సొరంగం చేసుకుంటుంది మరి. కింది దవడ పై దవడకన్నా వెనక్కి ఉండడంతో తవ్వేటప్పుడు నోట్లోకి ఇసుక పోదు. బయటికి కళ్లు కనిపించవు, చెవి రంధ్రాలూ ఉండవు. నోట్లో మాత్రం పళ్లుంటాయి. వానపాములు, చెదలు, సాలీళ్లు దీని ఆహారం.

4. తోక కూడా చూడండి. పొట్టిగా ఉంటుంది, పైభాగం చదునుగా, చిన్న బొడిపెలతో గరుకుగా ఉంటుంది.

5. వేరే జీవులతో పొరబడకండి. ఫ్లోరిడాలో బయటినుంచి వచ్చి స్థిరపడిన బ్రాహ్మిణీ గుడ్డిపాము సన్నగా, నల్లగా మెరుస్తుంది. కళ్లు చుక్కల్లా కనిపిస్తాయి. గ్లాస్ లిజార్డ్ అనే బల్లికీ కాళ్లుండవు గానీ, దానికి కనురెప్పలు, చెవి రంధ్రాలు ఉంటాయి.

6. ఫొటో తీసుకుని వదిలేయండి. దీనికి విషం లేదు, భయం అక్కర్లేదు. సీసాలో పెట్టి ఇంటికి తీసుకెళ్లకండి, ఎండలో ఉంచకండి. దొరికిన చోటే, నీడలో, ఎండుటాకుల కింద వదులు మట్టి మీద పెడితే చాలు. లోపలికి దారి అదే చేసుకుంటుంది.