కౌన్సెలింగ్‌కు ముందే నాలుగేళ్ల లెక్క వేసుకోండి

తెలంగాణలో ఇంజినీరింగ్ సీట్లకు జరిగే ఎప్‌సెట్ కౌన్సెలింగ్ వచ్చేది సరిగ్గా మన జిల్లాల్లో చేతిలో డబ్బు ఆడని కాలంలో. జూన్, జూలై నెలలంటే పాలమూరులో పత్తి విత్తనాలకు, సాగర్ ఆయకట్టులో నారుమళ్లకు, ఎరువులకు పెట్టుబడి పెట్టే రోజులు. పత్తి డబ్బు దసరా, దీపావళి దాటితే గానీ ఇంటికి రాదు. నెలజీతం వచ్చే ఇళ్లలోనూ చిన్న పిల్లల బడి ఫీజులు అప్పుడే మీద పడతాయి. సీటు కేటాయించాక ఫీజు కట్టడానికి ఇచ్చే గడువు మాత్రం కొద్ది రోజులే. ఆ తొందరలో చేసిన అప్పు, పెట్టిన సంతకం నాలుగేళ్ల పాటు ఇంటిని వదలవు. కాబట్టి ర్యాంకు తెలిసిన రోజునే, వెబ్ ఆప్షన్లు (కావలసిన కాలేజీల వరుస) పెట్టకముందే, తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి కూర్చుని మొదటి ఏడాది ఫీజు కాకుండా చదువు పూర్తయ్యేదాకా అయ్యే ఖర్చంతా కాగితం మీద రాసుకోవాలి.

ముందుగా ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి తేల్చుకోండి. మధ్యతరగతి కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బీసీ, ఈబీసీ, మైనారిటీ విద్యార్థులకు కుటుంబ వార్షికాదాయ పరిమితి గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. వేరే రిజర్వేషన్ లేని వర్గాల్లోని పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్‌కు పరిమితి 8 లక్షలు. ఈ రెండింటికీ సంబంధం లేదు. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ సీటు ఇప్పిస్తుంది, ఫీజు కట్టదు. ఆ కోటాలో సీటు వచ్చింది గనక ఇక ప్రభుత్వమే చూసుకుంటుందన్న నమ్మకంతో వచ్చి, కాలేజీ కౌంటరు దగ్గర పూర్తి ఫీజు అడిగేసరికి మాట పెగలక నిలబడిపోయిన తండ్రులను చూశాను. ఏ దళారీ వాళ్లను మోసం చేయలేదు. ముందుగా చెప్పేవాళ్లు లేకపోయారు, అంతే.

పరిమితి లోపల ఉన్నవాళ్లకు కూడా ఇంకో మెలిక ఉంది. ఇంజినీరింగ్‌లో ఎస్సీ, ఎస్టీలకు పూర్తి ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీ విద్యార్థులకు ర్యాంకు 10 వేల లోపు ఉంటే పూర్తిగా వస్తుంది. అది దాటితే, కొన్ని మినహాయింపులు తప్ప, ఏడాదికి 35 వేలే. కాలేజీ ఫీజు లక్ష అనుకుంటే మిగతా 65 వేలు మీరే కట్టాలి, అంటే నాలుగేళ్లకు 2.60 లక్షలు. ఆప్షన్లు పెట్టేటప్పుడు ప్రతి కాలేజీ పేరు పక్కన ఈ తేడాను రాసుకోండి. పేరున్న కాలేజీకీ దాని తర్వాతి దానికీ మధ్య మీ జేబు నుంచి పోయేది ఎంతో అప్పుడు కళ్లకు కడుతుంది.

ఏ సీటు తీసుకుంటున్నారన్నది కూడా అంతే ముఖ్యం. రీయింబర్స్‌మెంట్ కౌన్సెలింగ్‌లో కేటాయించే కన్వీనర్ కోటా సీట్లకే. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినా, మిగిలిన సీట్లకు పెట్టే స్పాట్ అడ్మిషన్‌లో చేరినా రాదు. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో చేరినా రాదు, వాటి ఫీజులు వాటి ఇష్టం. నిన్నటిదాకా మామూలు కాలేజీగా ఉన్నది ఈ ఏడాది విశ్వవిద్యాలయంగా మారి ఉండవచ్చు, బోర్డు మీద పేరు జాగ్రత్తగా చదవండి. ‘ఇప్పుడు చేరండి సార్, తర్వాత కన్వీనర్ కోటాలోకి మార్పిస్తాం’ అని ఎవరైనా ఫోను చేస్తే ఆ మాటను నమ్మవద్దు. సీట్లు కేటాయించేది కౌన్సెలింగ్ అధికారులు. బయటివాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

డబ్బు కట్టే చోట రసీదు చూడండి. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల ట్యూషన్ ఫీజును మూడేళ్లకోసారి రాష్ట్ర ఫీజుల నియంత్రణ కమిటీ ఖరారు చేస్తుంది. దానికి మించి క్యాపిటేషన్ ఫీజు తీసుకోవడం 1983 నాటి చట్టం ప్రకారమే నేరం. అయినా ‘ప్రత్యేక ఫీజు’, ‘నైపుణ్య శిక్షణ’, ‘ప్రాంగణ నియామకాల శిక్షణ’ అంటూ వేరే తెల్లకాగితం మీద అంకె రాసిస్తారు. దాని మీద కాలేజీ ముద్ర ఉండదు, రసీదు నంబరు ఉండదు. అలాంటి కాగితానికి డబ్బు ఇవ్వకండి. ఇది ఏ ఖాతా కింద, ఏడాదికోసారా, చదువు మొత్తానికి ఒకసారా అని అడిగి, ఆ జవాబును అచ్చు రసీదు మీద రాయించుకోండి. నగదు కాకుండా బ్యాంకు ద్వారానే చెల్లించండి. అడగడానికి మొహమాటపడవద్దు, అది మీ కష్టార్జితం.

సర్టిఫికెట్ల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని ఉన్నత విద్యను, సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థలు యూజీసీ, ఏఐసీటీఈ రెండూ చెబుతున్నాయి. మన దగ్గర జరిగేది వేరు. రీయింబర్స్‌మెంట్ బకాయిలు ప్రభుత్వం నుంచి రాలేదని చెప్పి, చదువు అయిపోయాక ‘ఫీజు మీరు కట్టండి, ప్రభుత్వం వేశాక మీకు తిరిగిస్తాం’ అంటూ మెమోలు, టీసీ ఆపేస్తారు. ఉద్యోగంలో చేరే తేదీ దగ్గరపడిన పిల్లల్ని అలా తిప్పడం అన్యాయం, కానీ జరుగుతున్నది అదే. కాబట్టి రీయింబర్స్‌మెంట్ వచ్చే ఇళ్లు కూడా కనీసం ఒక ఏడాది ఫీజు పక్కన ఉంచుకోవాలి. చేరేటప్పుడు ఏయే పత్రాలు ఇచ్చారో పేరుపేరునా రాసి, సంతకం చేయించుకున్న కాగితం ఇంట్లో ఉండాలి. చేరకముందు ఆ కాలేజీలో చివరి ఏడాది చదువుతున్న మన ఊరి పిల్లలతో మాట్లాడండి. సర్టిఫికెట్లు ఎప్పుడు ఇచ్చారో వాళ్లు చెప్పినంత కచ్చితంగా ఏ ప్రకటనా చెప్పదు.

ఇక అప్పు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి ఒకటిన్నర లక్ష తెచ్చారనుకోండి. నెలకు 3 వేలు, ఏడాదికి 36 వేలు. నాలుగేళ్లలో వడ్డీకే 1.44 లక్షలు పోతాయి, అసలు కదలదు. అదే డబ్బుకు బ్యాంకులో పది శాతం వడ్డీ అయితే ఏడాదికి 15 వేలు. పైగా బ్యాంకు విద్యారుణం చదువు అయిన ఏడాది వరకు వాయిదాలు అడగదు. 4 లక్షల వరకు మీ వాటాగా ముందు చేతి డబ్బు పెట్టనవసరం లేదు. 7.5 లక్షల వరకు ప్రభుత్వ హామీ పథకం ఉంది గనక భూమి కాగితాలు తాకట్టు పెట్టమనే అవసరం మామూలుగా రాదు. చదివే కాలంలోనే నెలనెలా వడ్డీ కట్టుకుంటూ పోతే కొన్ని బ్యాంకులు ఒక శాతం దాకా తగ్గిస్తాయి, ఆ మాట మేనేజర్‌ను అడిగి తెలుసుకోండి. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో ప్రతిభ ఆధారంగా సీటు వచ్చి, కుటుంబ ఆదాయం 8 లక్షలు మించకపోతే, 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ఆప్షన్లు పెట్టకముందే చూసుకోండి, చేరాక చూస్తే లాభం లేదు.

బ్యాంకులో దరఖాస్తుకు వారాలు పడుతుంది. సీటు వచ్చాక పరిగెత్తితే గడువు దాటిపోతుంది, అప్పుడు వడ్డీ వ్యాపారి గుమ్మమే దిక్కవుతుంది. ఆదాయ పత్రం, మార్కుల మెమోలు, తల్లిదండ్రుల పాన్, ఆధార్ ఇప్పుడే సిద్ధం చేసి ఒకసారి బ్యాంకుకు వెళ్లి రండి. తండ్రి పేరు మీద పాత పంట రుణం మొండిబకాయిగా పడి ఉంటే ముందే తెలుస్తుంది. ఖాళీ చెక్కు గానీ, అంకె రాయని ప్రామిసరీ నోటు గానీ ఎవరికీ ఇవ్వకండి, బంధువైనా సరే.

ఫీజు కాని ఖర్చులను చాలామంది లెక్కలో వేయరు. హైదరాబాద్ హాస్టల్ ఖర్చు కొన్నిచోట్ల ట్యూషన్ ఫీజుకే పోటీ వస్తుంది. చౌటుప్పల్, భువనగిరి, షాద్‌నగర్, జడ్చర్ల వైపు వాళ్లు రోజూ వెళ్లి రాగల కాలేజీలకు ఆప్షన్లలో చోటు ఇవ్వాలి. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం, కాలేజీ బస్సు ఫీజు కట్టే ముందు ఆ దారిలో ఆర్టీసీ బస్సు ఉందేమో చూడండి. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం మనకు దగ్గరలోనే ఉన్నాయి. వైద్య విద్య ఫీజుల్లో తేడా మరీ ఎక్కువ: ప్రభుత్వ కళాశాలలో ఏడాదికి 10 వేలు, ప్రైవేటులో కన్వీనర్ సీటుకు 60 వేలు, మేనేజ్‌మెంట్ కోటాలో పది లక్షలు దాటుతుంది. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. ఉన్న పొలం అమ్మి పది లక్షల సీటు కొనే ముందు, పిల్లలు ఒప్పుకుంటే, మరో ఏడాది నీట్ రాయించడం గురించి ఆలోచించండి.

రీయింబర్స్‌మెంట్ అందని ఇళ్లకు కేంద్ర ఉపకార వేతనాలున్నాయి. ఇంటర్‌లో తమ బోర్డులో మొదటి 20 శాతంలో నిలిచి, కుటుంబ ఆదాయం 4.5 లక్షలు మించకపోతే డిగ్రీ స్థాయిలో ఏడాదికి 12 వేల చొప్పున ఇచ్చే పథకానికి జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు. ఇంజినీరింగ్ చదివే ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి పథకం ఏడాదికి 50 వేలు ఇస్తుంది, ఆదాయ పరిమితి 8 లక్షలు.

ఏది వచ్చినా మొదటి ఏడాదితో పని అయిపోదు. రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేసే ప్రభుత్వ పోర్టల్ ఈపాస్‌లో ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి, హాజరు 75 శాతం ఉండాలి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. తేడా ఉంటే దరఖాస్తులు మొదలవకముందే, ఈ వేసవిలోనే దిద్దించుకోండి.