మజిల్‌లోడర్‌లో గుండు సులువుగా దిగాలంటే: బారెల్ శుభ్రం గురించి నేను నేర్చుకున్నది

మజిల్‌లోడర్‌లో, అంటే మూతి నుంచి మందూ గుండూ కూరే తుపాకీలో, మూడో గుండుకో నాలుగో గుండుకో ర్యామ్‌రాడ్ (గుండును లోపలికి తోసే పొడవాటి కడ్డీ) మీద ఒంట్లో బరువంతా వేసి తోయాల్సి వస్తోందంటే మీ చేతుల్లో బలం తక్కువై కాదు, బారెల్‌లో కాలిన మందు మసి గార పట్టి. పళ్లకు పట్టినట్టే పడుతుంది, ఒకదాని మీద ఒకటి పొరలుగా. ఈ మాట మొదటి ఏడాదే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే నాకు రెండు ర్యామ్‌రాడ్లు మిగిలేవి.

నేనుండేది పెన్సిల్వేనియాలో. పద్దెనిమిదో శతాబ్దంలో లాంకాస్టర్ చుట్టుపక్కల జర్మన్ పనివాళ్లు పొడవాటి రైఫిళ్లు చేసిన నేల ఇది, ఇప్పటికీ క్రిస్మస్ అయిన మర్నాటి నుంచి ఫ్లింట్‌లాక్‌లకు (చెకుముకిరాయి నిప్పురవ్వతో పేలే పాతరకం తుపాకులకు) మాత్రమే ప్రత్యేకంగా జింకల సీజన్ ఉంటుంది. ఇక్కడి తెలుగువాళ్లలో కూడా కొందరు ఈ మూతి నుంచి మందు కూరే రైఫిళ్లు కొంటున్నారు, కొన్న నెలకే గుండు దిగట్లేదని ఫోన్ చేస్తున్నారు. వాళ్లకు ఒక్కొక్కరికీ చెప్పేదంతా ఒకచోట పెడదామని ఇది రాస్తున్నాను. వీసా మీద ఉన్నవాళ్లు కొనేముందు మీ రాష్ట్ర చట్టం ఏమంటుందో చూసుకోండి. ఇక మన ఊళ్లలో ఉన్నవాళ్లకైతే, నాటు తుపాకీ అయినా సరే లైసెన్స్ లేకుండా ఇంట్లో ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం కింద నేరమే.

అసలు గార ఎందుకు పడుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. బ్లాక్ పౌడర్ అంటే సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10. దీపావళికి ఇంట్లోనే చిచ్చుబుడ్లు కూరిన వాళ్లకు ఈ మూడూ బాగా తెలిసినవే. ఈ మందు కాలితే బరువులో సగానికి పైగా గాలిగా మారదు, ఘనంగానే ఉంటుంది. అందులో కొంత ఆ తెల్లటి పొగతో బయటికి పోతుంది, మిగతాది వేడివేడిగా బారెల్ గోడలకు అంటుకుంటుంది. అదంతా ఎక్కువగా పొటాషియం లవణాలు, కాబట్టి రెండు గుణాలుంటాయి: నీళ్లలో ఇట్టే కరుగుతుంది, గాలిలో తేమను పీల్చుకుంటుంది. కరుగుతుంది కాబట్టి మామూలు నీళ్లతో కడగొచ్చు, తేమ పీలుస్తుంది కాబట్టి కడగకుండా వదిలేస్తే తుప్పు పడుతుంది. వాతావరణాన్ని బట్టి దీని తీరు కూడా మారుతుంది. ఉక్కపోత రోజున మెత్తగా జిగటగా ఉంటుంది, డిసెంబరు చలిలో పొడిగాలికి సిమెంటులా గట్టిపడుతుంది, అందుకే ఎండాకాలం కాల్పుల సాధన చేసే రేంజ్‌లో సాఫీగా దిగిన గుండు వేటకెళ్లిన రోజు మొండికేస్తుంది.

బారెల్ లోపల మెలికలు తిరుగుతూ చాళ్లు, వాటి మధ్య గట్లు ఉంటాయి కదా, గుండు చుట్టూ వేసే గుడ్డ ముక్క, అంటే ప్యాచ్, ఆ చాళ్లలోకి ఒదిగి పొగ పక్కలనుంచి పోకుండా మూస్తుంది. నా 50 క్యాలిబర్ (బారెల్ లోపలి వెడల్పు అర అంగుళం) రైఫిల్‌లో 0.490 అంగుళాల సీసపు గుండు, 0.015 అంగుళాల మందం ప్యాచ్ వాడతాను. కొందరు ఇంకా బిగువుగా ఉండాలని 0.495 గుండు వేస్తారు, గురి ఒక్కోసారి మెరుగవుతుంది కానీ కొత్తవాళ్లకు నేను చెప్పను, చాళ్లలో కాస్త మసి చేరగానే ఆ 0.005 అంగుళాల తేడా సుత్తి దెబ్బలా తెలుస్తుంది. ముందు 0.490తో అలవాటు పడండి. గుడ్డ తప్పనిసరిగా నూలుదే ఉండాలి, సింథటిక్ గుడ్డ ఆ వేడికి కరిగి బారెల్‌కు అంటుకుంటుంది.

తర్వాత ప్యాచ్‌కు రాసే జిడ్డు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. గరాజ్‌లో ఉన్న మోటార్ ఆయిలో, మామూలు గన్ ఆయిలో రాస్తారు. పెట్రోలియం నూనె ఈ మసితో కలిస్తే తారు తయారవుతుంది, దాన్ని తీయడానికి సాయంత్రమంతా పడుతుంది. తేనెమైనం, జంతువు కొవ్వు, ఆలివ్ నూనె, ఆముదం, ఇలాంటివే వాడాలి, ఇవి మసిని మెత్తగా ఉంచుతాయి. నేను తేనెమైనం కరిగించి ఆలివ్ నూనె కలిపి చిన్న డబ్బాలో పోసుకుంటాను, చలికాలానికి మైనం తగ్గిస్తాను. జిడ్డు మరీ కారేటట్టు రాయొద్దు, మందు తడుస్తుంది. ఈ జిడ్డు సంగతి మనకు కొత్తదేం కాదు. 1857లో సిపాయిలను రగిలించిన ఆ ఎన్‌ఫీల్డ్ తూటాల కొవ్వు కూడా దీనికోసమే: 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ మూతి నుంచి కూరే రైఫిలే, మసి పట్టిన బారెల్‌లో గుండు జారడానికే ఆ కాగితపు తూటాకు కొవ్వు పూసేవారు. మసి సమస్య ఎంత పాతదో చూడండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రతి గుండుకూ మధ్య తుడవడం. పేల్చిన తర్వాత కొంచెం ఆగండి, తర్వాత ఒక ప్యాచ్‌ను నీళ్లతోనో ఉమ్మితోనో తడిపి గట్టిగా పిండండి. తడిగా ఉండాలి, నీళ్లు కారకూడదు. దాన్ని ర్యామ్‌రాడ్ కొసకు బిగించిన ఇత్తడి జాగ్ (ప్యాచ్‌ను పట్టి ఉంచే గాట్ల మొన) మీద పెట్టి, ఒకే ఊపులో నిదానంగా అడుగు దాకా దించి, ఒకటి రెండు క్షణాలు ఉంచి, ఒకే ఊపులో బయటికి లాగండి. ప్యాచ్ తిరగేసి ఇంకోసారి, ఆ తర్వాత పొడి ప్యాచ్ ఒకటి. అంతే, నిమిషం కూడా పట్టదు. పైకీ కిందికీ కుమ్మొద్దు, కుమ్మితే మసి అంతా అడుగుకు చేరి అక్కడ కట్టలా తయారవుతుంది, తర్వాతి గుండు ఆ కట్ట మీద ఆగిపోతుంది. ప్యాచ్ మరీ తడిగా ఉన్నా ఇదే జరుగుతుంది, పైగా ఆ తడి నిపుల్‌లోకో (దెబ్బకు పేలే చిన్న క్యాప్ కూర్చునే గొట్టం), ఫ్లింట్‌లాక్ అయితే టచ్‌హోల్‌లోకో (నిప్పు లోపలి మందుకు చేరే సన్నని కన్నం) చేరి మందు అంటుకోదు. జాగ్ సైజు కూడా చూసుకోండి, ప్యాచ్ కిందికి పోయేటప్పుడు మసి మీద నుంచి జారిపోయి, పైకి వచ్చేటప్పుడు ముడతపడి మసిని లాక్కురావాలి. కిందికి పోయేటప్పుడే బిగుసుకుంటుంటే జాగ్ లావైందని అర్థం, గుడ్డ పల్చనిది వాడండి.

ఇక మందు. దాన్ని కొలతగిన్నెతోనే పోయాలి, కొమ్ము నుంచో సీసా నుంచో నేరుగా బారెల్‌లోకి ఎప్పుడూ పోయొద్దు, లోపల నిప్పు కణిక మిగిలి ఉంటే సీసా చేతిలోనే పేలుతుంది. పోసేటప్పుడు మూతికి ఎదురుగా ముఖం పెట్టొద్దు. కొత్త తుపాకుల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ ఇందులో చిటికెడు కూడా వేయకూడదు, బారెల్ పగులుతుంది.

గుండు దింపేటప్పుడు రాడ్‌ను మూతికి ఆరేడు అంగుళాల ఎత్తులోనే పట్టుకుని చిన్న చిన్న తోపులతో దించండి. చెక్క రాడ్‌ను పైన ఎక్కడో పట్టుకుని తోస్తే అది వంగి ఏటవాలుగా విరుగుతుంది, ఆ విరిగిన మొన నేరుగా అరచేతిలో దిగుతుంది. నావి రెండూ అలా విరిగినవే, రెండోసారి అరచేతికి కుట్లు పడ్డాయి. రేంజ్‌లో ఇత్తడి లేదా స్టీలు రాడ్, దానికి మూతి దగ్గర కూర్చునే గార్డ్ వాడితే మంచిది, మూతి అంచు అరగదు. ఆ అంచు అరిగితే గురి పోయినట్టే.

గుండు సగంలో ఆగిపోతే? పేల్చేసి వదిలించుకుందాం అనుకోకండి. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఉంటే బారెల్ ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. అందుకే రాడ్ మీద రెండు గీతలు పెట్టుకోండి, ఖాళీ బారెల్‌లో రాడ్ ఎక్కడిదాకా దిగుతుందో ఒకటి, మందూ గుండూ వేశాక ఎక్కడ ఆగుతుందో ఇంకొకటి. రెండో గీత మూతితో కలిసిందాకా గుండు కూర్చోనట్టే. ఆగిపోయినప్పుడు ముందు క్యాప్ తీసేయండి, ఫ్లింట్‌లాక్ అయితే టచ్‌హోల్ పక్కనుండే చిన్న పళ్లెంలో మందు దులిపేయండి, మూతి సురక్షితమైన వైపే ఉంచి, పైనుంచి కాస్త నూనె వదిలి నానాక గట్టి రాడ్‌తో దించడానికి చూడండి. దిగకపోతే కార్బన్ డయాక్సైడ్ బుడ్డితో గుండును బయటికి తోసే పరికరం ఉంటుంది, క్లబ్బుల్లో ఎవరో ఒకరి దగ్గర దొరుకుతుంది. తెలియకపోతే రేంజ్ ఆఫీసర్‌ను పిలవండి, మొహమాటపడొద్దు.

సాయంత్రం కడగడం. ఆ రోజే కడగాలి, మర్నాటికి వాయిదా వేయొద్దు. బ్లాక్ పౌడర్‌కు బదులుగా పైరోడెక్స్ లాంటి మందులు వాడినా తుప్పు విషయంలో మినహాయింపేమీ లేదు, ఆ రోజే. ముందు గీత చూసి ఖాళీ అని నిర్ధారించుకోండి. బారెల్ కొక్కెంతో ఊడి వచ్చే రకమైతే చీలను తీసి బారెల్ విడదీసి, నిపుల్ విప్పి, అడుగు భాగాన్ని బకెట్ నీళ్లలో పెట్టండి. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు. ప్యాచ్ వేసిన రాడ్‌తో పంపు కొట్టినట్టు కొడితే నీళ్లు కన్నంలోంచి లోపలికీ బయటికీ పోతూ మసినంతా కడిగేస్తాయి. మళ్లీ మామూలు నీళ్లతో ఒకసారి. సలసలా కాగే నీళ్లు పోయాలని పాతవాళ్లు అంటారు, త్వరగా ఆరుతుందని. నేను చేసి చూశాను, కళ్లముందే లోపల పసుపురంగు తుప్పు మెరిసింది, మళ్లీ ఆ పని చేయలేదు.

పొడవాటి రైఫిళ్లలో బారెల్‌ను కొయ్యకు పిన్నులతో బిగిస్తారు, వాటిని మాటిమాటికీ ఊడదీస్తే కొయ్య చీలుతుంది. లాక్ (పక్కనుండే పేల్చే యంత్రం) ఒక్కటీ విప్పి, టచ్‌హోల్‌లో పళ్లపుల్ల దూర్చి, మూతి నుంచి నీళ్లు నింపి కాసేపు ఉంచి పారబోయండి. మూడు నాలుగుసార్లకు నీళ్లు తేటగా వస్తాయి. కొయ్య, బారెల్ మధ్యకు నీళ్లు దిగకుండా మూతి కిందికి వంచి పట్టుకోండి.

కొన్ని రైఫిళ్లలో అడుగున మందు కూర్చునే గది బారెల్ కంటే సన్నగా ఉంటుంది. మీ జాగ్ అక్కడికి వెళ్లదు, పైన తెల్లటి ప్యాచ్ వస్తున్నా లోపల మసి మిగిలిపోతుంది, క్యాప్ పేలినా మందు అంటుకోకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. సన్నని బ్రష్‌కు ప్యాచ్ చుట్టి అక్కడ తిప్పి తీయండి.

తర్వాత పొడి ప్యాచ్‌లు, తడి ఆనవాలు లేకుండా వచ్చేదాకా. ఆ తర్వాతే తుప్పు పట్టనివ్వని నూనె పల్చగా. ఇక్కడ పెట్రోలియం నూనె అయినా పర్వాలేదు, పేల్చేముందు తుడిచేస్తాం కాబట్టి. నిపుల్ మరలకు కొంచెం గ్రీజు రాసి బిగించండి, లేకపోతే తర్వాత విప్పేటప్పుడు మరలు విరుగుతాయి. మూతి కిందికి పెట్టి నిలబెడితే మిగిలిన నూనె అడుగున చేరదు.

ఇంత చేసినా గుండు బిగుతుగానే ఉందా, అయితే బారెల్ చూడాలి. కొత్త బారెల్‌లో గట్ల అంచులు పదునుగా ఉంటాయి. పేల్చిన తర్వాత పది పదిహేను అడుగుల దూరం నుంచి ప్యాచ్‌లు ఏరుకుని చూడండి. గుండు ఒరుసుకున్న చోట వరసగా కోతలుంటే అంచులు పదును, నడుమ మాడి చిల్లు పడితే గుడ్డ పల్చనిదో జిడ్డు తక్కువో. కోతలకైతే జాగ్ మీద గుడ్డకు బదులు చాలా సన్నని స్టీల్ ఊల్ చుట్టి, నూనె రాసి యాభైసార్లు పైకీ కిందికీ నడిపితే అంచులు మెత్తబడతాయి. ఇసుక కాగితం జోలికి మాత్రం పోవద్దు. మూతి అంచు మీరే రాయొద్దు, అది తుపాకీ పని తెలిసిన మనిషికి ఇవ్వాల్సిన పని.

కడిగిన మర్నాడు పొడి ప్యాచ్ ఒకటి దించి చూడండి, గోధుమరంగు కనిపిస్తే మళ్లీ తుడిచి నూనె రాయాలి, వారం తర్వాత ఇంకోసారి చూడాలి. మళ్లీ రేంజ్‌కి వెళ్లే రోజు పొద్దున ఆల్కహాల్ ప్యాచ్‌తో ఆ నూనెంతా తీసేసి, పొడి ప్యాచ్ వేసి, అప్పుడు మందు పోయండి.