ముందు ఫోర్క్‌లో టకటక: చప్పుడు ఎక్కడిదో పట్టుకోవడం

గతుకు రాగానే మోటార్‌సైకిల్ హ్యాండిల్ కింద టక్కుమంటే చాలామంది నేరుగా ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని, గతుకులకు కుదించుకునే రెండు కాళ్లు) విప్పించేస్తారు. ఆయిల్ మారుతుంది, సీళ్లు మారతాయి, చప్పుడు మాత్రం పోదు. ముందు చక్రం నుంచి హ్యాండిల్ దాకా అంతా ఒకదానికొకటి బిగించిన లోహమే. కింద బ్రేక్ ప్యాడ్ కొట్టుకున్నా, పైన కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగ్) వదులైనా, మోత చేతులకు ఒకేలా తెలుస్తుంది. అందుకే స్పానర్ పట్టే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి: చప్పుడు ఏ క్షణంలో వస్తోంది, వచ్చినప్పుడు ఏ రెండు భాగాల మధ్య కదలిక ఉంది.

మొదటిది బండి నడిపితేనే తెలుస్తుంది. చిన్న చిన్న గతుకులున్న రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లండి. గలగలమంటుంటే ముందు బ్రేక్ లివర్‌ను ప్యాడ్లు డిస్కును తాకేంత మాత్రమే నొక్కి చూడండి. చప్పుడు ఠక్కున ఆగిపోతే అది ఫోర్క్ కాదు. కాలిపర్‌లో (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగంలో) ప్యాడ్లు ఎగురుతున్నాయి. బ్రేక్ గట్టిగా వేసినప్పుడు ఒక టక్, వదిలినప్పుడు ఇంకో టక్ వస్తే కోన్ సెట్‌నో, ఫోర్క్ బుష్‌లనో (లోపల పైపు జారే చోట ఉండే ఉంగరాలనో) అనుమానించాలి. గుంటలో పడినప్పుడు దబ్బుమంటే ఫోర్క్ చివరిదాకా దిగిపోతోంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు ఏమీ లేకుండా, దిగాక చక్రం కిందికి సాగినప్పుడు మాత్రమే ఖంగుమంటే ఫోర్క్ తిరిగి సాగేటప్పుడు దాన్ని ఆపేదేదీ సరిగ్గా పనిచేయడం లేదని అర్థం.

పరీక్షకు బయల్దేరే ముందు తాళాల గుత్తి తీసేసి ఒక్క తాళం చెవే ఉంచండి. నవ్వులాటగా అనిపించవచ్చు గానీ, గుత్తి వెళ్లి హ్యాండిల్ కిందున్న పై బ్రాకెట్‌కు కొట్టుకునే చప్పుడు అచ్చం కోన్ సెట్ చప్పుడులాగే ఉంటుంది. మడ్‌గార్డ్ బోల్టులు, హెడ్‌లైట్, హారన్, నంబర్ ప్లేటు, బ్రేక్ హోస్ క్లిప్పు, స్పీడోమీటర్ కేబుల్ ఒక్కొక్కటీ చేత్తో ఊపి చూడండి. హ్యాండిల్ క్లాంపుల కింద రబ్బరు బుష్‌లున్న బండ్లలో అవి నలిగిపోయినా టకటక వస్తుంది.

ఇక నిలబెట్టి చేసే పరీక్ష. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు బండిని నిటారుగా పట్టుకుని, ముందు బ్రేక్ గట్టిగా నొక్కి, ముందుకూ వెనక్కీ ఊపాలి. రెండో మనిషి చెవిని నమ్ముకోకుండా వేలిని నమ్ముకోవాలి. చూపుడు వేలిని ఫ్రేమ్ మెడకూ, దాని కిందున్న బ్రాకెట్‌కూ మధ్య సందు మీద అడ్డంగా ఆనించండి: వేలి సగం ఫ్రేమ్ మీద, సగం బ్రాకెట్ మీద ఉండాలి. కోన్ సెట్ వదులైతే ప్రతి ఊపుకీ ఆ సందు వెడల్పవుతూ, మూసుకుంటూ వేలి కొసకు తెలుస్తుంది. కంటికి కనబడని కదలిక కూడా వేలికి అందుతుంది. అక్కడ ఏమీ లేకపోతే వేలిని డస్ట్ సీల్ (దుమ్మును ఆపే రబ్బరు) దగ్గరికి, అంటే ఫోర్క్ పైపు బాటమ్‌లోకి (కింది గొట్టంలోకి) దిగే చోటికి మార్చండి. అక్కడ అడ్డంగా కదలిక తెలిస్తే బుష్‌లు అరిగాయి. ఆ తర్వాత కాలిపర్, దాని బ్రాకెట్, డిస్కు. కాలిపర్‌లో ప్యాడ్లు ఒక పిసరు కదలడం, ఫ్లోటింగ్ డిస్కు (మధ్య భాగానికి కాస్త వదులుగా బిగించినది) కాస్త ఆడటం మామూలే. వాటిని చూసి కంగారుపడొద్దు. డ్రమ్ బ్రేక్ బండి అయితే బ్రేక్ ప్లేటులోని గాడిలో ఫోర్క్ బాటమ్ మీది పొడుచుకొచ్చిన ముక్క సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. ఆ గాడి అరిగితే బ్రేక్ వేసినప్పుడల్లా ప్లేటు తిరిగి కొట్టుకుంటుంది.

అనుమానం కోన్ సెట్ మీదికి పోతే బ్రేక్ ప్రమేయం లేకుండా మళ్లీ తేల్చుకోవాలి. సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఒకరిని కూర్చోబెట్టి ముందు చక్రాన్ని గాల్లోకి లేపండి. సెంటర్ స్టాండ్ లేకపోతే ఇంజిన్ కింద చెక్క ముక్క పెట్టి జాకీతో ఎత్తండి; సైలెన్సర్ పైపు మీద మాత్రం ఎత్తొద్దు. రెండు ఫోర్క్ బాటమ్‌లనూ యాక్సిల్ దగ్గర పట్టుకుని ముందుకూ వెనక్కీ లాగండి. చక్రాన్ని పట్టుకుని లాగితే చక్రం బేరింగ్ లూజు కూడా కలిసిపోయి మోసపోతాం. చక్రం బేరింగ్‌కు వేరే పరీక్ష: టైరును పైనా కిందా పట్టుకుని పక్కలకు ఊపడం. స్టాండే అటూఇటూ ఆడి టక్కుమనడం కూడా ఉంది, వెనకున్న మనిషి బండిని కదలనివ్వకూడదు.

అదే భంగిమలో హ్యాండిల్‌ను నెమ్మదిగా ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. సరిగ్గా మధ్యలోకి రాగానే గుంటలో పడ్డట్టు ఆగితే బేరింగ్ బాల్స్ తిరిగే రేసుల (లోహపు వలయాల) మీద పల్లాలు పడ్డాయి. దీనికి బిగింపు మందు కాదు. రేసులు, బాల్స్ సెట్టుగా మార్చాల్సిందే. పాత రేసు మీద కొత్త బాల్స్ వేస్తే ఆ పల్లం పోదు.

పల్లాలు లేకుండా లూజు మాత్రమే ఉంటే సరిచేయవచ్చు. పై బ్రాకెట్‌లో ఫోర్క్ పైపులను పట్టే బోల్టులు, మధ్యలోని పెద్ద నట్టు వదులు చేయండి. వీటిని వదులు చేయకుండా కింద, బేరింగ్‌ను బిగించే రింగ్ నట్టును తిప్పితే బ్రాకెట్ కదలదు, బిగిసిందన్న భ్రమే మిగులుతుంది. హుక్ స్పానర్‌తో రింగ్ నట్టును బిగిస్తూ, హ్యాండిల్‌ను రెండువైపులా నాలుగైదుసార్లు తిప్పి బేరింగ్‌ను కూర్చోనివ్వండి. తర్వాత ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు వెనక్కి వదలండి. లూజు ఉండకూడదు, హ్యాండిల్‌ను మధ్య నుంచి కొద్దిగా తాకితే తన బరువుకే పక్కకు వాలిపోవాలి. పెద్ద నట్టు, తర్వాత పైపుల బోల్టులు బిగించాక మళ్లీ చూడండి, ఎందుకంటే నట్టు బిగింపు కూడా బేరింగ్‌ను ఇంకొంచెం నొక్కుతుంది. అతిగా బిగించిన కోన్ సెట్ వదులైనదాని కన్నా చెడ్డది: నెమ్మదిగా వెళ్లేటప్పుడు బండి తిన్నగా పోక అటూఇటూ తూలుతుంది, రేసులు త్వరగా పాడవుతాయి.

మిగిలింది ఫోర్క్ లోపలి సంగతి. బాటమ్ అడుగున, లోపలి డంపర్ రాడ్డును (ఫోర్క్ కదలికను నెమ్మదింపజేసే కడ్డీని) పట్టే ఎలన్ బోల్టు ఉంటుంది. కొన్ని బండ్లలో యాక్సిల్ తీస్తే గానీ కనబడదు. అది వదులైతే రాడ్డు పైకీ కిందికీ కొట్టుకుంటుంది, బోల్టు చుట్టూ ఆయిల్ చెమ్మ కనిపిస్తుంది. తీసినప్పుడు రాగి వాషర్ కొత్తది వేసి, మర మీద లాక్ మందు (బోల్టు ఊడకుండా పట్టే జిగురు) రాసి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాలి. విప్పేటప్పుడు బోల్టుతో పాటు రాడ్డూ తిరుగుతుంటే స్ప్రింగ్ తీయకముందే ప్రయత్నించండి. స్ప్రింగ్ ఒత్తిడి రాడ్డును పట్టి ఉంచుతుంది.

ఆయిల్ తక్కువైనా, నీళ్లలా పలచబడినా చక్రం సాగేటప్పుడు ఖంగు, దిగేటప్పుడు దబ్బు రెండూ వస్తాయి. బండిని బట్టి ఆయిల్ రకం, కొలత మారతాయి కనుక మాన్యువల్ అంకెనే వాడండి. పాత ఆయిల్ పూర్తిగా కారదు, అందుకే మి.లీ. కొలత కన్నా మట్టం కొలత నమ్మకమైనది. స్ప్రింగ్ తీసి, ఆయిల్ పోసి, గాలి పోయేదాకా పైపును పదిసార్లు నెమ్మదిగా నొక్కి వదలండి. పది నిమిషాలు ఆగండి. పైపును పూర్తిగా కిందికి దించి, పైఅంచు నుంచి ఆయిల్ దాకా స్కేలుతో కొలవండి. ఫోర్క్ రెండు కాళ్లలో ఒకే అంకె రావాలి. పై మూత తీసేటప్పుడు మొహం దానికి అడ్డంగా పెట్టొద్దు, కింద స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది.

బుష్‌లు అరిగితే కొత్తవి వేయవచ్చు. కొన్ని చిన్న బండ్లలో విడిగా బుష్‌లే ఉండవు, పైపు నేరుగా అల్యూమినియం బాటమ్‌లోనే జారుతుంది. అక్కడ బాటమో, పైపో, రెండూనో మార్చాలి. ఆయిల్ తీసినప్పుడు వెండి రంగు పొడి మెరుస్తుంటే అరుగుదల మొదలైనట్టే.

తిరిగి బిగించేటప్పుడు యాక్సిల్ నట్టు బిగించి, యాక్సిల్‌ను పట్టే చిన్న బోల్టును మాత్రం వదులుగా ఉంచండి. చక్రం నేల మీద పెట్టి, ముందు బ్రేక్ పట్టి ఫోర్క్‌ను నాలుగైదుసార్లు గట్టిగా నొక్కాక ఆ బోల్టు బిగించండి. ఈ పని ఎగ్గొడితే రెండు కాళ్లు ఒకదానికొకటి సమాంతరంగా కూర్చోవు, కొత్త బుష్‌లు ఒకవైపే అరుగుతాయి. కోన్ సెట్ కొత్తది వేసి ఉంటే 300 కిలోమీటర్లు తిరిగాక వేలి పరీక్ష మళ్లీ చేయండి. కొత్త రేసులు కూర్చునేసరికి కొంచెం లూజు రావడం మామూలే.