గుండీలు పెట్టుకోవడం రాని పిల్లలకి చివరి నుంచి నేర్పండి

డిస్‌ప్రాక్సియా (చేతులు, వేళ్లు అనుకున్నట్టు కదిలించడంలో ఇబ్బంది) ఉన్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఇది ఒకసారి ట్రై చేయండి. మా బాబుకి ఎనిమిదేళ్లొచ్చినా షర్ట్ గుండీలు, షూ లేసులు ఏవీ వచ్చేవి కాదు, అందరూ బద్ధకం అనేవాళ్లు, నేనూ కొన్నాళ్లు అదే అనుకుని తిట్టాను, ఇప్పుడు తలుచుకుంటే చాలా బాధేస్తుంది. బద్ధకం కాదండీ అది, ఏ వేలు ఎప్పుడు ఎటు కదలాలో మెదడు ప్లాన్ చేసుకోవడంలోనే కష్టం, తెలివితేటలకి దీనికి సంబంధం లేదు. వందలో 5, 6 మంది పిల్లల్లో ఉంటుంది.

ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే నిపుణులు) మాకు నేర్పిన పద్ధతి ఏంటంటే, గుండీని మీరే కాజాలో సగం దూర్చేసి, అవతలి నుంచి లాగే పని మాత్రం వాడికి వదిలేయండి. అంటే పని పూర్తి చేసేది ఎప్పుడూ వాడే అవుతాడు, ఆ మొహంలో సంతోషం మీరే చూస్తారు. అది బాగా వచ్చాక దూర్చడం కూడా వాడికివ్వండి, అలా ఒక్కో స్టెప్ వెనక్కి. అన్నిటికంటే కింది గుండీతో మొదలుపెట్టండి, అది కళ్లకి కనిపిస్తుంది, కాలర్ దగ్గరిది కనిపించదు కదా. పెద్ద గుండీల షర్ట్ అయితే ఇంకా మంచిది. లేసులకీ ఇదే, ముడి అంతా మీరు వేసి చివర్లో బిగించడం వాడికివ్వండి.

స్కూల్ టైమ్‌లో మాత్రం వద్దు, పొద్దున హడావుడిలో వెల్‌క్రో షూ వేసి పంపండి, ప్రాక్టీస్ సాయంత్రం ఒక పది నిమిషాలు చాలు.