పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉంటే అమెరికా స్టూడెంట్ వీసా ఫారం ఎలా నింపాలి?

ముందు పాస్‌పోర్టు తెరిచి చూడండి. సర్‌నేమ్ దగ్గర ఖాళీ, పేరంతా గివెన్ నేమ్ దగ్గర ఉందా? మనవాళ్లలో ఇది మామూలే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టు ఫారంలో పొడి అక్షరాలు కుదరవు. దాంతో ఇంటిపేరు వదిలేసి మిగతాదంతా ఒకే గడిలో పెట్టేస్తారు.

టైముంటే, యూనివర్సిటీలకు అప్లై చేయకముందే రీ-ఇష్యూకి పెట్టి సర్‌నేమ్ వేయించుకోండి. 36 పేజీల పుస్తకానికి 1500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2000. నన్నడిగితే అందరూ ఇదే చేయాలి.

టైము లేదా? సీటిచ్చాక యూనివర్సిటీ పంపే ఐ-20 అనే పత్రంలో మీ పేరంతా సర్‌నేమ్‌గా వేసి గివెన్ నేమ్ ఖాళీగా వదిలేస్తుంది. తప్పు పడిందని మెయిల్ మీద మెయిల్ పెట్టకండి. విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ సెవిస్ సిస్టమ్‌లో సర్‌నేమ్ తప్పనిసరి, గివెన్ నేమ్ కాదు.

అసలు గొడవంతా వీసా కోసం ఆన్‌లైన్‌లో నింపే డీఎస్-160 ఫారం దగ్గరే. పాస్‌పోర్టులో ‘వెంకట సాయి కిరణ్’ అని ఉంటే ఆ మూడు మాటలూ సర్‌నేమ్ గడిలోకి వెళ్తాయి. గివెన్ నేమ్ గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని మూడు ఇంగ్లిష్ అక్షరాలు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని దానర్థం. అంతే, సొంత తెలివి వద్దు.

చాలామంది ఇక్కడ చివరి మాటను విడదీసి ‘కిరణ్’ సర్‌నేమ్ అని రాస్తారు. మనకు చివర ఉండేది సొంత పేరు కదండీ, ఇంటిపేరు ముందు కదా వచ్చేది! పోనీ ఇంటిపేరే రాద్దామంటే అదీ తప్పే, పాస్‌పోర్టులో అది లేదు. మా పిన్ని కొడుక్కి ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఇలాగే తప్పుగా నింపారు. ఇంటర్వ్యూకి నాలుగు రోజుల ముందు నేను చూసి, కూర్చోబెట్టి కొత్త ఫారం నింపించాను. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. కాబట్టి సబ్మిట్ నొక్కేముందు పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి. నింపింది వేరేవాళ్లయినా సరే.

అన్నట్టు, కెనడా పద్ధతి వేరు. అక్కడ పేరంతా ఫ్యామిలీ నేమ్‌లో రాసి గివెన్ నేమ్ ఖాళీగా వదలాలి. ఎఫ్ఎన్‌యూ అక్కడికి మోసుకెళ్లకండి.

టికెట్ సంగతి ఎయిర్‌లైన్‌ను బట్టి మారుతుంది. ఫోన్ చేసి అడిగాకే కొనండి. దారిలో దుబాయ్‌లో దిగి రెండు రోజులు తిరుగుదాం అనుకునేవాళ్లకు ఒక మాట. పేరు ఒకే మాటగా ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వమని యూఏఈ 2022 నవంబరులో చెప్పింది. తండ్రి పేరో ఇంటిపేరో పాస్‌పోర్టు రెండో పేజీలో ఉంటే చాలని ఆ తర్వాత సడలించింది. బయల్దేరేముందు ఆ పేజీ కూడా చూసుకోండి.

అమెరికాలో దిగాక కొన్నిచోట్ల ఎఫ్ఎన్‌యూనే మీ పేరనుకుని మిమ్మల్ని ‘ఫ్నూ’ అని పిలుస్తారు, పలకండి. మీరు దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94 రికార్డు ఆన్‌లైన్‌లో దొరక్కపోతే కంగారు పడకుండా ఫస్ట్ నేమ్ గడిలో ఎఫ్ఎన్‌యూ పెట్టి వెతకండి, అప్పటికీ రాకపోతే రెండు గడులూ తారుమారు చేసి చూడండి. కనిపించగానే ప్రింట్ తీసి పెట్టుకోండి.