దగ్గు, ఆయాసం, టీబీ మందులకూ తగ్గలేదా? రేకుల పని, ఓడ పని చేసినవారికి సమస్య - పరిష్కారం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆస్బెస్టాస్ అన్న పేరు విననివాళ్లు కూడా దానితో పని చేసే ఉంటారు. రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డు, కోళ్ల ఫారం, పాత రైసు మిల్లు, ఇంటి వెనుక వంటపాక ఇలా ఎక్కడ చూసినా పాత సిమెంటు రేకులే. వాటిలో కలిపిన నార ఆస్బెస్టాసే. మంచినీళ్ల పథకాలకు వేసిన పాత ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపుల్లోనూ అదే ఉంది. చెక్కుచెదరని రేకు కింద కాపురం ఉంటే కలిగే ముప్పు తక్కువ. కట్టర్‌తో కోసే మనిషికే అసలు ముప్పు. బ్లేడు రేకును తాకగానే లేచే తెల్లటి పొడి కనురెప్పల మీద, లుంగీ మడతల్లో పేరుకుంటుంది. కంటికి కనిపించే ఆ పొడికన్నా కనిపించని సన్నటి నారే ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి అక్కడే ఉండిపోతుంది.

సమస్య: మెట్లెక్కితే ఆయాసం, వదలని పొడి దగ్గు. టీబీ మందులు వాడినా గుణం లేదు.

మన దగ్గర ఎక్కువగా దారి తప్పేది ఇక్కడే. ఎక్స్‌రేలో మచ్చ కనబడగానే టీబీ అంటారు, ఒక కోర్సు అయ్యాక మరో కోర్సు మొదలుపెడతారు. డాక్టరును అడగవలసిన మొదటి ప్రశ్న: కళ్ళె పరీక్షలో క్రిమి కనబడిందా? కనబడలేదని అంటే, మీరు చేసిన పని గురించి చెప్పండి. మీరు చెప్పకపోతే ఆయనకు తెలిసే అవకాశం లేదు. ఆస్బెస్టాస్ నార వల్ల ఊపిరితిత్తులు గట్టిపడే రోగం ఆస్బెస్టోసిస్. అది బయటపడటానికి సాధారణంగా పదేళ్ల పైనే, చాలామందికి ఇరవై ముప్పై ఏళ్లు పడుతుంది. అందుకే ఎప్పుడో మానేసిన పని ఎవరికీ గుర్తుకు రాదు. కొందరికి చేతివేళ్ల చివర్లు ఉబ్బి గుండ్రంగా అవుతాయి. గుండె నిండా ఊపిరి పీల్చినప్పుడు వీపు కింది భాగంలో స్టెతస్కోపుకు చిటపటలు వినిపిస్తాయి. మామూలు ఎక్స్‌రేతో తేలకపోతే హై రిజల్యూషన్ సీటీ స్కాన్, ఊపిరి సామర్థ్యం కొలిచే స్పైరోమెట్రీ చేయించాలి. టీబీ మందులను మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, రాళ్ల కోత యూనిట్లలో పనిచేసినవారిలో ఇవే లక్షణాలకు కారణం సిలికా దుమ్ము కావచ్చు. ఆ దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ ఎక్కువగా ఊపిరితిత్తుల పై భాగాన్ని, ఆస్బెస్టోసిస్ కింది భాగాన్ని పడుతుంది. సిలికోసిస్ ఉన్నవారికి టీబీ సోకే అవకాశం ఎక్కువ కాబట్టి రెండింటికీ పరీక్షలు జరగాలి.

గట్టిపడిన ఊపిరితిత్తిని మళ్లీ మెత్తబరిచే మందు లేదు. చేయగలిగిందల్లా దుమ్ము పని మానడం, ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోవడం, అవసరమైతే ఆక్సిజన్ పెట్టుకోవడం. బీడీ తక్షణం మానాలి. ఆస్బెస్టాస్‌కు పొగ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది.

సమస్య: ఛాతీలో ఒక పక్క నొప్పి, ఊపిరితిత్తి చుట్టూ మళ్లీ మళ్లీ నీరు చేరడం.

నీరు తీయించుకుని ఇంటికి వచ్చేయకండి. ఊపిరితిత్తి పొరకు వచ్చే మెసోథెలియోమా అనే క్యాన్సర్ ఇలాగే మొదలవుతుంది. దానికి ప్రధాన కారణం ఆస్బెస్టాసే. బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేస్తేనే తేలుతుంది. భర్త పని బట్టలు దులిపి ఉతికిన భార్యకూ రావచ్చు. ఆమె ఆ సంస్థలో ఉద్యోగి కాదు కాబట్టి కార్మిక పరిహార చట్టం ఆమెకు వర్తించదు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టే సంగతి ఇదే.

సమస్య: "నువ్వు మా దగ్గర పనే చేయలేదు" అంటున్న యజమాని.

పరిహారం కేసులు బలహీనపడేది ఎక్కువగా ఇక్కడే. 1923 నాటి పరిహార చట్టం మూడో షెడ్యూలులోనే ఆస్బెస్టోసిస్, సిలికోసిస్, ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథెలియోమా వృత్తి రోగాలుగా ఉన్నాయి. ఆ చట్టం ఇప్పుడు 2020 సామాజిక భద్రత స్మృతిలో కలిసింది. కాబట్టి మీరు నిరూపించవలసింది రోగాన్ని, పనిని. పీఎఫ్ పాసుపుస్తకం, ఈఎస్ఐ కార్డు, గేటు పాసు, కూలి చీటీ, పని చోట దిగిన ఫొటో ఏది దొరికినా భద్రపరచండి. ఏమీ లేకపోతే కలిసి పనిచేసిన ఇద్దరు ముగ్గురి చేత అఫిడవిట్లు రాయించండి. మేస్త్రి కింద పనిచేసినా అసలు యజమాని బాధ్యత తప్పదు. ఏ పని, ఎన్నేళ్లు చేశారన్నది ఆసుపత్రి చీటీ మీద రాయమని డాక్టరును అడగండి.

1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ పరిశ్రమలకు ఒక ఆదేశం ఇచ్చింది. కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానాక 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అంతవరకు ఉంచాలి. ఫ్యాక్టరీలో పనిచేసినవారు ఆ రికార్డును రాతపూర్వకంగా అడగండి.

ఈఎస్ఐ ఉన్నవారికి ప్రయోజనం ఈఎస్ఐ ద్వారానే వస్తుంది. లేనివారు కార్మిక శాఖలో పరిహారం కేసులు వినే అధికారికి దరఖాస్తు పెట్టాలి. శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని స్థితి అయితే నెల వేతనంలో 60 శాతాన్ని, మరణమైతే 50 శాతాన్ని వయసును బట్టి ఉండే అంకెతో గుణించి లెక్కకడతారు. లెక్కలోకి తీసుకునే వేతనానికి పరిమితి ఉంటుంది. పని మానేసి చాలా కాలమైందని, గడువు దాటిందని వెనక్కి పంపితే ఊరుకోవద్దు. పని మానిన తర్వాత బయటపడిన రోగానికీ చట్టంలో చోటుంది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారమూ ఉంది. "రోగం పేరు నాకు ఫలానా తేదీన తెలిసింది" అని రిపోర్టు జతచేసి చెప్పండి.

సమస్య: నేవీలో చేసి వచ్చిన మాజీ సైనికుడు. విడుదలైన రోజున ఆరోగ్యం బాగుందనే రాశారు.

పాత ఓడల ఇంజిన్ గదుల్లో, బాయిలర్లకు, ఆవిరి గొట్టాలకు ఆస్బెస్టాస్ చుట్టేవారు. ఆనాటి వైద్య పరీక్షలో ఏమీ లేకపోవడం మీకు వ్యతిరేక సాక్ష్యం కాదు. ఈ రోగాల తీరే అంత. ఏ ఓడలో, ఏ విభాగంలో, ఏ సంవత్సరాల్లో పనిచేశారో సర్వీసు పత్రాల నుంచి రాసుకుని, మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్ఎస్ ద్వారా ఛాతీ నిపుణుడికి చూపించుకోండి. వైకల్య పింఛను దరఖాస్తుకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సాయం దొరుకుతుంది. తిరస్కరిస్తే అప్పీలుకు వెళ్లవచ్చు. ఆ తర్వాత సాయుధ దళాల ట్రైబ్యునల్ కూడా ఉంది.

వకీలు ఫీజు కట్టలేనివారు 15100కు ఫోను చేస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా సాయం అడగవచ్చు. మనిషి పోయిన తర్వాత కూడా అతని మీద ఆధారపడిన కుటుంబం పరిహారం కోరవచ్చు. అందుకే సీటీ ఫిల్ములు, బయాప్సీ రిపోర్టులు, స్లైడ్లు పారేయకండి. మరణ ధ్రువపత్రంలో కారణం దగ్గర "గుండె ఆగిపోవడం" అని మాత్రమే రాస్తుంటే, ఊపిరితిత్తుల రోగం పేరు కూడా రాయమని అక్కడే, అప్పుడే అడగండి.